రెండు ఎడమ చేతులు

తాను గీసిన ఇనుప యంత్రాలు తిరిగి వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి మా బావ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వంటగది నుంచి కిటికీకి, కిటికీ నుంచి బల్లకి, మళ్లీ వంటగదికి. కుర్చీలో కూర్చోబెడితే కుర్చీతో సహా జరుగుతాడు. మా అక్క చూసి చూసి, ఇలాగైతే గచ్చు అరిగిపోతుందని విసుక్కుంది.

బావ వయసులో ఉన్నప్పుడు ఒక ఆటల కంపెనీకి బొమ్మలు గీసేవాడు. బల్ల మీద గళ్ల పటం పరుచుకుని, పాచికలు వేస్తూ, మేడంత యుద్ధయంత్రాలను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పే ఆట అది. నేనూ నా స్నేహితులూ ఇప్పటికీ ఆడతాం. పెళ్లాంపిల్లలున్నవాళ్లమే, అయినా మాకు సిగ్గేమీ లేదు. ఆట పుస్తకంలోని యంత్రాలన్నీ బావ గీసినవే. కొన్నాళ్లకు ఆ బొమ్మలు మావంటే మావని రెండు కంపెనీలు కొట్టుకున్నాయి. గీసినవాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. గొడవ తెగేదాకా బొమ్మలు వేయకూడదన్నారు. తర్వాత వచ్చిన పుస్తకాల్లో యంత్రాల పేర్లూ, వాటి బలాబలాల అంకెలూ ఉండేవి. బొమ్మ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గడి. బావ ఆ పుస్తకాలు నేను తెచ్చి ఇచ్చినా ముట్టుకునేవాడు కాదు. బడిపుస్తకాలకు కప్పలూ నీళ్ల పంపులూ గీసుకుంటూ బతుకు వెళ్లదీశాడు.

ఇన్నేళ్లకు గొడవ తెగింది. కంపెనీలో బొమ్మల వ్యవహారం చూసే ఆవిడ ఫోన్ చేసి, పాతవన్నీ ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేస్తున్నామనీ, దిద్దాల్సినవి ఏమైనా ఉంటే ఈ వారంలోపు పంపమనీ చెప్పింది. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. బావకు మాత్రం అన్నం సహించడం మానేసింది. కారణం ఆ ఆట ఆడేవాళ్లందరికీ తెలుసు. అన్నిటికంటే పెద్ద యంత్రానికి రెండూ ఎడమ చేతులే.

అదెలా జరిగిందో చెబితే నవ్వొస్తుంది. బావది కుడిచేతి వాటం. అందుకని చెయ్యి గీయాల్సి వస్తే ఎదురుగా పెట్టుకుని చూసేది ఎప్పుడూ తన ఎడమ చెయ్యే. కుడిచెయ్యి కావాలంటే ఆ ఎడమ చేతినే అద్దంలో చూస్తూ గీసేవాడు. ఆ రోజు అక్క ఆఫీసుకు తయారవుతూ బల్ల మీది అద్దం పట్టుకుపోయింది. ఈయన గీత ధ్యాసలో పడి, అద్దం లేదన్న సంగతే గమనించకుండా, నేరుగా చేతినే చూసి గీసేశాడు. బొటనవేలు ఉండాల్సిన వైపు లేదని అచ్చయ్యాక గాని తెలియలేదు. మేం ఆటగాళ్లం ఆ యంత్రాన్ని ముద్దు చేసుకున్నాం గాని, బావకు అది పంటి కింద రాయి. దిద్దుదామనుకునేలోపే బొమ్మలన్నీ మూలపడ్డాయి.

ఇప్పుడు దిద్దే వీలు వచ్చింది, దిద్దే చెయ్యే లేదు. ఈమధ్య జబ్బు చేసి లేచాక ఆయన కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. చెంచా కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటున్నాడు. ఇంత బాధెందుకు, కంప్యూటర్లో ఆ చేతిని తిరగేసి అతికించేస్తానన్నాను.

"తిరగేస్తే వెలుగు కూడా తిరగబడుతుందయ్యా. ఒంటికి ఒకవైపు నుంచి, చేతికి ఇంకోవైపు నుంచి ఎండ కొడుతుందా?" అన్నాడు.

ఎడమచేత్తో మొదలుపెట్టాడు. గీతలు పాకుతూ పాకుతూ ఒక దారికొచ్చాయి. ఎడమచేత పెన్సిలుంటే కుడిచెయ్యి ఖాళీయే కాబట్టి, ఈసారి అద్దంతో పని లేదు. కానీ ఎదురుగా పెట్టుకున్న ఆ చెయ్యి నిలిస్తే కదా. వేళ్లు ఒకచోట ఉన్నాయనుకునేసరికి ఇంకోచోట ఉండేవి. బావ కాగితాలు చింపాడు, లేచి తిరిగాడు, కూర్చున్నాడు, మళ్లీ చింపాడు. చివరి రోజు పెన్సిలు గోడకేసి కొట్టాడు. ఆయన్ని అలా చూస్తే నాకు భయమేసింది.

అక్క పెన్సిలు తీసి ఆయన చేతికిచ్చింది. పక్కన కూర్చుని, వణికే చేతిని మణికట్టు దగ్గర బల్లకు అదిమి పట్టింది.

"అప్పుడు అద్దం పట్టుకుపోయింది నేనే కదా. ఇప్పుడు చెయ్యి పట్టుకుంటాను, గీయండి."

పొద్దు వాలేదాకా ఆమె పట్టు వదల్లేదు. బావ తలెత్తలేదు. నేను ఆ కాగితాన్ని స్కాన్ చేసి పంపాను.

మర్నాడు కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది. చెయ్యి బాగుందట, కానీ నడిమి వేలి పక్కన ఉబ్బుగా ఉన్న భాగమేమిటో అర్థం కాలేదట. చెరిపెయ్యమంటారా అని అడిగింది. బావ ఉండనివ్వమన్నాడు, ఎందుకో చెప్పలేదు.

పుస్తకం వచ్చింది. మా ఆటగాళ్లు ఆ ఉబ్బు మీద వాదనకు దిగారు. ఒకడు అది దాచిన తుపాకీ అన్నాడు, ఇంకొకడు కీలు అన్నాడు. మేం తేల్చలేక పుస్తకం తీసుకెళ్లి బావనే అడిగాం. ఆయన వినిపించుకోనట్టు కిటికీ దగ్గరే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అక్క కళ్లజోడు పెట్టుకుని బొమ్మ చూసింది. ఉబ్బు మీద వేలు పెట్టి తడిమింది.

"ఇది తుపాకీ కాదు. పెన్సిలు పట్టీ పట్టీ ఈయన వేలికి కాసిన కాయ," అంది.

అప్పుడు తట్టింది నాకు. ఆ పుస్తకంలోని చేతులన్నీ బావ ఎడమ చేతులే. వాటన్నిటినీ గీసిన కుడిచెయ్యి ఏ బొమ్మలోకీ ఎక్కలేదు, ఇదొక్కటి తప్ప. బావ వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు, చాలాసేపు లేవలేదు.