పిస్టన్ మీద జొన్నపిండి

నల్లగొండకూ పాలమూరుకూ నడుమ, ఆయిల్ ఇంజను చప్పుడు విని, చెయ్యి పెట్టకుండానే దాని రోగం చెప్పగల మనిషి ఆ రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి నేనే. కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టినా ఏ నట్టు వదులైందో చెప్పేవాణ్ణి. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టేటప్పుడు మిషన్లు మొరాయిస్తే పెద్ద ఇంజనీర్లు నాకోసం జీపు పంపేవారు.

జీపు సంగతి అబద్ధం. ముందే ఒప్పుకుంటే మిగతాది నమ్ముతారని చెబుతున్నాను. ఆనకట్ట దగ్గరి రిపేరు షెడ్డులో నేను పదకొండు నెలలు పనిచేసిన మాట మాత్రం నిజం. ఆ పదకొండు నెలలూ మేస్త్రి విప్పి పడేసిన సామాన్లను కిరోసిన్ తొట్టిలో కడిగి, గుడ్డతో తుడిచి, ఆయన అడిగిన పానా అందించడమే నా ఉద్యోగం. జీపు ఎక్కలేదు గానీ, రెండుసార్లు కడిగాను.

ఆ పని మానేసి వచ్చి కొన్నాళ్ళు మా అక్క ఇంట్లో ఉన్నాను. పానగల్లు చెరువు నీళ్ళు అందని మెట్ట మీద బావకు ఒక బావి, దాని కింద ఎకరన్నర వరి ఉండేవి. అంతకుముందు ఏడే మోట కొట్టే ఎడ్లజతను అమ్మి, ఎవరో వాడి వాడి వదిలేసిన ఆయిల్ ఇంజను తెచ్చి బావి గడ్డ మీద పెట్టుకున్నాడు. పైన తాటాకుల షెడ్డు వేశాడు. యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు ఆ ఇంజను నల్లగా పొగ కక్కడం, నీళ్ళు సగానికి సగం తగ్గడం మొదలయ్యాయి. నల్లగొండ మేస్త్రికి కబురు పెడితే వారం దాకా తీరదన్నాడు. పొట్టమీదున్న వరికి వారం ఎక్కడిది? ఎడ్లున్నా ఏదో తంటాలు పడేవాళ్ళు. ఎడ్లు లేవు.

"మేస్త్రి దేనికి బావా, నేను లేనా?" అన్నాను.

బావ నా వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు. ఆయన తక్కువ మాటల మనిషి.

"మా తమ్ముడు డ్యాంకాడ గింతకు పదింతల ఇంజన్లు బాగుజేసిండు," అంది అక్క. నేను ఇంటికి రాసిన ఉత్తరాల్లో అలాగే రాశాను మరి. పాపం, నమ్మింది.

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయని తెలుసుకోవడం కష్టమేం కాదు, ఆ పొగ చూస్తే ఎవరైనా చెబుతారు. బావ బస్సెక్కి వెళ్ళి కొత్త రింగులు తెచ్చాడు. మూడు వాసాలు నిలబెట్టి, పాత మోట గిరకను వాటికి కట్టి, మోట తాడుతోనే సిలిండరును పైకి లేపాం. అన్నీ విప్పాను, కడిగాను. కడగడంలో నన్ను మించినవాడు లేడు, ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు. కొత్త రింగులు ఎక్కించి, సిలిండరు దించి, దానికి మూతలా ఉండే హెడ్ బిగించేసరికి ఒక రోజు పట్టింది.

మర్నాడు పొద్దున హ్యాండిలు తిప్పితే రెండో తిప్పుకే అందుకుంది. పొగ లేదు. గొట్టం నిండా నీళ్ళు దూకాయి. బావ కాలువలోకి దిగి, చిన్నపిల్లాడిలా రెండు చేతులతో నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. నేను మీసం మీద చెయ్యి వేశాను. అప్పటికి మీసం సరిగా రాలేదు, అది వేరే సంగతి.

ఒక మడి తడిసిందో లేదో, ఇంజను లోపల ఎవరో తలుపు కొట్టినట్టు వినబడింది. ఠక్. కాసేపటికి మళ్ళీ ఠక్. ఇంజను కాగేకొద్దీ సందు లేకుండా ఠక్ ఠక్ ఠక్.

"గిదేం సప్పుడు?" అన్నాడు బావ.

"కొత్త రింగులు గద బావా. కొత్త చెప్పులు కరిచినట్టే. జరసేపు పోతె సదురుకుంటది."

కాలువలో నీళ్ళు తాగుతున్న గొర్రెలు బెదిరి అటు పక్కకు దూకాయి. వాటిని తోలుకొచ్చిన ముసలాయన కర్ర గడ్డం కింద ఆనించుకొని కొంతసేపు విన్నాడు.

"నీ ఇంజనుకు దగ్గు తగిలింది పిలగా. మిరియాల కషాయం తాపు," అన్నాడు.

"నువ్వు నీ గొర్లను చూసుకో తాతా!"

"నా గొర్లు నాకు తెలుసు. నీ ఇంజను నీకు తెలుసునా?"

డ్యాం షెడ్డులో మేస్త్రి చెప్పిన మాట ఒకటి నా చెవుల్లో తిరుగుతోంది. అలాంటి చప్పుడు వస్తున్న ఇంజనును అలాగే తోలితే, లోపలి రాడ్డు విరిగి గోడను పగలగొట్టుకొని బయటికి వస్తుందని, తర్వాత ఆ ఇంజను పాత ఇనుముకు తప్ప పనికిరాదని. ఇక ఉండలేక ఆపేశాను. చక్రాలు తిరిగి తిరిగి ఆగాయి. గొట్టంలో నీళ్ళు సన్నగిల్లి చుక్కలయ్యాయి.

"ఎందుకు ఆపినవ్? నీళ్ళు వస్తనే ఉండె గద," అన్నాడు బావ.

"చల్లగైనంక మల్ల పెడత బావా. ఫికర్ చెయ్యకు."

ఆయన కోపం చేస్తే బాగుండేది. చెయ్యలేదు. గట్టు మీద కూర్చొని వరిని చూశాడు. ఆయన చూస్తున్నంతసేపూ నేను పానా పట్టుకొని ఇంజను చుట్టూ తిరిగాను, పని ఉన్నవాడిలా.

ఆ రోజూ మర్నాడూ నేను చేయని పరీక్ష లేదు. వెదురు కర్ర ఒక కొన ఇంజనుకు, ఇంకో కొన చెవికి ఆనించి విన్నాను. కింద పెట్టి విన్నాను, పైన పెట్టి విన్నాను. చక్రం వదులైందేమోనని దాని చీలను సుత్తితో కొట్టి చూశాను, గట్టిగానే ఉంది. రాడ్డు కింది బేరింగు పట్టుకొని ఊపాను, కదల్లేదు. డీజిల్ ముందుగా పడి మండుతోందేమో అనుకొని, ఇంజను కాగి మోగుతుండగా డీజిల్ కట్టేశాను. మంట లేకుండా చక్రాల ఊపుకే తిరుగుతున్నప్పుడు కూడా ఠక్ ఠక్ వినబడింది. అంటే తప్పు మంటది కాదు. లోపల ఇనుము ఇనుమును తాకుతోంది. ఇంతవరకూ నేనే కనిపెట్టాను, నా గొప్పే.

ఇంజను చల్లగా ఉంటే మోగదు, కాగితే మోగుతుంది. కనక చల్లగా ఉన్నప్పుడు కొంచెంసేపు తోలి, మోగడం మొదలవగానే ఆపి, చల్లారాక మళ్ళీ తోలి, అలా రెండు రోజుల్లో మూడు మడులు తడిపాం. మూడో మడి తడిసే వేళకు చివరి మడిలో బురద నెర్రెలు విచ్చింది. ఆకుల కొసలు చుట్టుకుపోయాయి. బావ ఒక ఆకు తెంపి, విప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికి చూపిద్దామనో.

ఎడ్లు అమ్మవద్దని ఆయన్ను ఎంతమంది వారించారో నాకు తెలుసు. ఇంజను పోతే వాళ్ళందరి ముందూ ఆయన తల దించుకోవాలి. ఆయన ముందు మా అక్క.

మూడో రోజు పొద్దున హెడ్ విప్పాను. పిస్టన్ పైభాగంలో ఒక అంచున నెలవంకలా తళతళ మెరుస్తోంది. పైన హెడ్‌లోనూ అదే చోట మెరుపు. పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా హెడ్‌ను తాకుతోందన్నమాట. పని రోజుల్లో అక్క పొలం దగ్గరే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి రొట్టెలు చేసేది. పిండి చేతులతోనే వచ్చి నా భుజం మీదుగా వంగి చూసింది.

"తాకుతాంది గద?" అంది.

"తాకుతున్నట్టే ఉన్నది. ఎంత సందు తగ్గిందో చూడాలంటె సీసం తీగ గావాలె అక్కా. మా మేస్త్రి పిస్టన్ మీద తీగ పెట్టి, హెడ్ బిగిచ్చి, చక్రం తిప్పి, మల్ల తీసి, అది ఎంత నలిగిందో చూసెటోడు. నల్లగొండ పోయి తేవాలె."

"ఇంకొక దినమా?" అన్నాడు బావ. అంతే అన్నాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పిన ప్రతి చోటా, సీసం లేకపోతేనేం అని జొన్నపిండి అడిగి తెప్పించింది నేనేనని చెప్పుకున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, ఒకసారి దవాఖానలో సూది పొడిపించుకుంటూ చెప్పాను. నేను కాదు. మా అక్క.

"సీసమే ఎందుకుర? నలిగేది ఏదైతె ఏంది?" అని వెళ్ళి, వేడినీళ్ళతో గట్టిగా పిసికిన పిండి ముద్ద తెచ్చింది. చింతగింజంత ముద్దలు నాలుగు చేసి పిస్టన్ మీద అక్కడక్కడా పెట్టింది. హెడ్‌కు అంటుకోకుండా రొట్టె మీద చల్లినట్టే పైన పొడి పిండి చల్లింది. అది నాకు ఈ జన్మలో తట్టేది కాదు.

హెడ్ పెట్టి బిగించాం. బావ రెండు చేతులతో చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. మళ్ళీ విప్పాం. ముద్దలు ఉల్లిపొరలా నలిగాయి. ఒకచోట పిండే లేదు, ఇనుము కనబడుతోంది. అక్క గోటితో ఒక పొరను లేపి వెలుగుకు పట్టింది.

"ఎంత మందం ఉండాలె?"

"అణా బిళ్ళంత."

"మరి నువ్వు విప్పకముందు తాకలే గద. విప్పినప్పుడు కింద ఏమన్న ఉండెనా, మల్ల పెట్టడం మరిసినవా? యాది చేసుకో."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. సిలిండరు అడుగున గాజులా గుండ్రని పల్చటి రేకు ఒకటి ఉండేది, నూనె మసితో నల్లగా. కడిగేటప్పుడు ఎక్కడో పడిపోయి ఉంటుంది. అది లేకపోవడంతో సిలిండరు, దాంతోపాటు హెడ్, అంతమేర కిందికి దిగాయి. ముగ్గురం షెడ్డంతా వెతికాం. చివరికి నాకే దొరికింది, కప్పులో తాటాకుల సందున. సిలిండరు లేపేటప్పుడు ఎగిరి అక్కడ పడి ఉంటుంది.

మళ్ళీ గిరక కట్టాం, సిలిండరు లేపాం, రేకు పెట్టాం, దించాం. అక్క మళ్ళీ ముద్దలు పెట్టింది. ఈసారి విప్పి చూస్తే చిన్న చిన్న బిళ్ళల్లా వచ్చాయి. అక్క వాటిని వేలితో నొక్కి చూసి, బావ వైపు తల ఊపింది.

హ్యాండిలు తిప్పాను. ఇంజను కాగేదాకా ముగ్గురం దాని పక్కనే నిలబడ్డాం. కాగింది. ఇంకా కాగింది. పొయ్యి మీద వేసిన రొట్టె మాడిన వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. ఠక్ రాలేదు. నెర్రెలిచ్చిన మడిలోకి నీళ్ళు పోతుంటే పగుళ్ళలో బుడగల చప్పుడు వినబడింది. బావ జేబులోంచి ఆ ఎండిన ఆకు తీసి కాలువలో పడేశాడు.

ఇదంతా రాసి, మొన్న అక్కకు చదివి వినిపించాను. జీపు దగ్గర నవ్వింది. పిండి దగ్గర, "ఇన్నొద్దులకు ఒప్పుకున్నవ్," అంది. అంతా అయ్యాక నోట్లో వక్క ఒక పక్కకు నెట్టింది.

"మంచిగనే రాసినవ్. ఆ రేకు ముచ్చటొక్కటి అబద్ధం."

"ఏందక్కా?"

"ఎగిరి పడుడేంది? ఇంజను బిగిచ్చినంక అది చేతుల మిగిలింది నీకు. యాడిదో తెల్వక, మీ బావ అటు మల్లినప్పుడు తాటాకులల్ల చెక్కినవ్. నేను రొట్టెలు కొట్టుకుంట చూసిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాను.

"ఆయన ముందర నా తోడబుట్టినోని పరువు నేనే తీస్తనా? ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసిన. వరి ఎండవట్టె. నువ్వేమొ కట్టె చెవుల పెట్టుకొని తిరుగవడితివి. ఇగ గాదని పిండి తెచ్చిన."

కలం తీసుకున్నాను. ఎక్కడ దిద్దాలో తోచక కాగితాలు అటూ ఇటూ తిప్పాను.

"దొరికింది అని రాయకు," అంది అక్క. "దాసిన అని రాయి."