సీమ కారూ, మెకానిక్ గారి ఇల్లాలూ

మొన్న ఆదివారం మంగళగిరిలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళితే, మొగుడూ పెళ్ళాం లాప్‌టాప్ ముందు కూర్చుని కారు గురించి తెగ వాదించుకుంటున్నారు. రెండూ యూరప్ కార్లేనట, ఒకటి జర్మనీది, ఒకటి స్వీడన్‌ది. కొనే ధర కాదు, పదేళ్ళలో రిపేర్లకు ఏది ఎంత తింటుందో చూడాలని అల్లుడు, రంగు కూడా చూడాలని అమ్మాయి. నీకివేం తెలుస్తాయిలే అన్నట్టు అది నన్ను చూసి నవ్వింది. నాకా తెలియనిది! నా చదువు మొత్తం ఆ లెక్క మీదే నిలబడిందని దానికి నేనెప్పుడూ చెప్పలేదు గానీ, మీరు నా ఈడు వాళ్ళు కనక మీకు చెబుతాను.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మాది చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి పల్లె, మిరపా పత్తీ తప్ప వేరే పంట ఎరగం. ఆ ఏడు మిర్చికి మంచి ధర పలికింది. గుంటూరు వెళ్ళి సరుకు అమ్మి వచ్చిన నాన్న, కాళ్ళు కడుక్కోకుండానే కారు సంగతి ఎత్తుకున్నాడు. పొగాకు కంపెనీ దొరలు ఊరు వదిలిపోతూ రెండు సీమ కార్లు అమ్మకానికి పెట్టారట. మర్నాడు మమ్మల్నీ తీసుకెళ్ళి చూపించాడు. ఒకటి జర్మనీది, బూడిదరంగులో పొట్టిగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది. రెండోది ఇంగ్లండుది, అబ్బ, మీగడరంగులో ఎంత పొడుగని! వెనక సీట్లో కూర్చుని ఆ తోలు వాసన పీల్చుకుంటూ కళ్ళు మూసుకుంటే, రోడ్డుకి రెండువైపులా ఆరబోసిన మిరపకాయల ఎరుపులోంచి చప్పుడు లేకుండా తేలిపోతున్నట్టే అనిపించింది. నాన్నకూ అదే కావాలి, నాకూ అదే కావాలి.

అమ్మ మాత్రం దిగులు పెట్టుకుంది. నన్ను గుంటూరు కాలేజీలో చేర్చి హాస్టల్లో పెడతానని నాన్న అప్పటికే ఒప్పుకున్నాడు. కారు కొన్నంత మాత్రాన ఆ మాట తప్పే మనిషి కాదు గానీ, కారు ఏటా రిపేర్లంటూ డబ్బు మింగితే ముందు ఆగేది నా చదువే. చదువాగితే మేనత్తగారింట్లో సంబంధం సిద్ధంగా ఉంది.

సీమ కార్లు బాగుచేసే మెకానిక్ ఆ రోజుల్లో గుంటూరులో ఒక్కడే, ఆ రెండు కార్లూ ఆయన చేతి మీద నడిచినవే. అయితే అమ్మ ఆయన్ని అడగలేదు. బుట్టెడు పండుమిరపకాయలు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, పత్తి మిల్లు పక్కనున్న వాళ్ళింటికి, ఆయన భార్య దగ్గరికి వెళ్ళింది. పిల్ల చదువు సంగతి దాచకుండా చెప్పి, ఏ కారు కొనమంటావమ్మా అని అడిగింది. మిల్లులోంచి పత్తి నూగు గాలికి తేలివచ్చి ఆవిడ జుట్టు మీద వాలుతోంది. ఆవిడ నావంక కాసేపు చూసి, ఫక్కున నవ్వి, లేచి ఇల్లంతా తిప్పింది.

"ఇదిగో అక్కయ్యగారూ, ఈ పెంకులు ఆ పొడుగు కారువి. ఈ కుట్టుమిషనూ దాని చలవే, ఈ గాజులూ దానివేనండి. ఆ పొట్టిదాని పుణ్యాన నాకు ఒక్క రవికెగుడ్డ కూడా రాలేదు!"

అమ్మకు ఇంకేం చెప్పాలి? మెకానిక్ పెళ్ళాం మాట విని కార్లు కొంటారటే అని నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచాడు, రెండు రోజులు అలిగాడు, మూడోరోజు పొట్టికారు తెచ్చాడు. నాలుగు రోజులు నేనూ మొహం మాడ్చుకున్నాను. ఆ కారు నా డిగ్రీ అయ్యేదాకా, ఆ తర్వాత బీయీడీ అయ్యేదాకా, పెద్ద ఖర్చేమీ పెట్టకుండా నడిచింది. వినుకొండలో లెక్కల టీచరుగా చేరి, రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పుకుని బతికాను.

పొడుగుకారును మద్రాసు ఆసామి ఎవరో కొనుక్కుపోయాడు. నా జీతంతో నేను సంసారం నడుపుకుంటున్న రోజుల్లో ఒకసారి బియ్యం ఏరుతూ కూర్చుంటే, ఉన్నట్టుండి తట్టింది నాకు. ఆ కారు మేము కొంటే దాని రిపేర్లన్నీ ఆ ఇంటికే వచ్చేవి. పెంకులు ముందుగదికే వేశారు, వంటింటి మీద ఇంకా తాటాకే ఉంది, నేను చూశాను కూడాను. ఆ సంగతి తెలియకుండా ఆవిడ అలా చెప్పిందంటారా? పెద్ద కారే కొనండి, రాయిలా ఉంటుంది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మొగుడి పని పోగొట్టుకుని, ముక్కూ మొహం తెలియని పిల్లకి చదువు ఇచ్చింది మహాతల్లి.

ఇప్పుడా మిల్లూ లేదు, ఆ మెకానిక్ గారి షెడ్డూ లేదు, ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళినా అక్కడెవరికీ ఏమీ తెలియలేదు. మా అమ్మాయికి ఆ తంటా ఏమీ లేదు. అడిగిందే తడవు లెక్కలన్నీ తెర మీదికి వచ్చేస్తాయి, నిజం చెప్పినందుకు ఎవరూ ఏమీ పోగొట్టుకోనక్కర్లేదు. మంచిదే. నా డిగ్రీ వచ్చిన రోజు మాత్రం ఊరంతా మిఠాయిలు పంచాం, ఆవిడ గుమ్మం తొక్కాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఇన్నేళ్ళకి ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే, పేరైనా అడగలేదే అని ఇవాళ గుర్తొచ్చింది.