నాచు పప్పు, పాలాయన ఆవు

నాన్న రైలింజిను నడిపి రిటైరయ్యారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మతిమరుపు మొదలైంది. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు చూసి అల్జైమర్స్ అన్నారు. అప్పటికి నేనూ రైల్వేలో గుమాస్తాని. బిలాస్‌పూర్‌లో నా పేరు మీద వచ్చిన క్వార్టర్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నాన్న మరిచిపోయినవాళ్ళలో అమ్మ కూడా ఉంది. వంటకి కుదిరిన పెద్దావిడ అనుకుని "అమ్మా, మీరు" అని పిలిచేవారు. "పెళ్ళయిన కాణ్ణుంచి ఇంత మర్యాద ఎరగనే" అని అమ్మ నాతో నవ్వేది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకునేది.

అలాంటి రోజుల్లో భీమిలి నుంచి మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, గోనెసంచితో దిగాడు. సముద్రపు నాచులో ఉండే ఏదో పదార్థం ఈ జబ్బుకి పనికొస్తుందేమోనని శాస్త్రజ్ఞులు చూస్తున్నారని పేపర్లో చదివాడట. చదివి ఊరుకోకుండా ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచంతా సంచికెత్తాడు.

"బండిలో నా పక్కనోళ్ళందరూ లేచి పోనారక్కా. కాళ్ళు చాపుకొని హాయిగా వచ్చీసాను" అన్నాడు గర్వంగా.

అమ్మ దాన్ని కడిగి కడిగి, కొంత పప్పులో వేసింది. మిగతాది పెరట్లో బట్టల తీగ మీద ఆరేసింది. సముద్రం ముఖమెరగని ఊళ్ళో మా క్వార్టర్ల వరసంతా చేపల రేవులా కంపు కొట్టింది. పక్క క్వార్టరువాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నాన్న కంచంలోంచి నల్లటి పోగొకటి పైకెత్తి చూశారు.

"ఏటండమ్మా, మీ సవరం పప్పులో పడిపోనాదేటి?"

మావయ్యకి పొలమారింది. అమ్మ నవ్వలేదు.

"మందండి. తినండి."

"మందైతే మీరే తినండమ్మా. మీకే జుట్టు పలచగా ఉంది."

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓపికగా అంతా విని, "అచ్ఛా" అని, హిందీలో చెప్పారు: "అమ్మాజీ, నాచులోంచి పదార్థాలు విడదీసి ల్యాబుల్లో పరీక్షిస్తున్న మాట నిజమే. అది మందవుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. మీరిలా పప్పులో వేస్తే పప్పు పాడవుతుంది, అంతే. థైరాయిడ్‌కి కూడా మంచిది కాకపోవచ్చు. పెట్టకండి."

ఇంటికొచ్చేసరికి తీగ ఖాళీ. మా వీధిలో పాలు పోసే ఆయన ఆవు పెరట్లో నిలబడి ఆఖరి పోగు నములుతోంది. కాపలా ఉంచిన మావయ్య లోపల గుర్రు పెడుతున్నాడు. వరండా కుర్చీలో నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"సవరాలన్నీ తినీసింది!"

ఆవుకేమైనా అవుతుందని అమ్మ హడలిపోయి పాలాయన్ని పిలిపించింది. ఆవు తిన్నది జ్ఞాపకశక్తి మందని వచ్చీరాని హిందీలో చెప్పుకుంది. ఆయన ఆవు వీపు నిమిరి, "మంచిదే బహూజీ! దీనికి సాయంత్రం ఇల్లు గుర్తుండి చావదు. రోజూ నేనే వెతుక్కోవాలి" అన్నాడు.

ఆవుకేమీ కాలేదు. మర్నాటి నుంచి వెతికే పని కూడా లేకపోయింది. సాయంత్రమయ్యేసరికి ఠంచనుగా మా గేటు ముందే నిలబడి తీగ వంక చూసేది.

నాన్నకి జబ్బు ముదురుతూనే వచ్చింది. ముద్ద పెట్టబోతే పెదాలు బిగించేసేవారు. అప్పుడు అమ్మ ఆవు కథ ఎత్తుకునేది. మాకది అరిగిపోయిన కథ, ఆయనకి ప్రతిసారీ కొత్తదే. పకపకా నవ్వేవారు. నవ్వు సర్దుకున్నాక బిగింపు సడలేది, అమ్మ ముద్ద అందించేది.

ఒకరోజు ఆ ముద్ద మింగి అడిగారు: "ఎవరింట్లో జరిగిందండమ్మా ఇది? ఆ ఇంటావిడెవరో మరీ తింగరిదిలాగుంది."

"అవునండి" అంది అమ్మ, ఇంకో ముద్ద కలుపుతూ. "నేనూ చెప్పి చూసాను, వినదు."