అత్తయ్య వైపు రేకు

ఆ రోజుల్లో బందరులో ఇనుము ఎవరి మాటా వినేది కాదు. కిటికీ చువ్వలు, సైకిలు మడ్‌గార్డులు, బీరువా కాళ్ళు, చివరికి ఉయ్యాల బల్ల గొలుసులు కూడా ఉప్పుగాలికి ఎర్రబడి, పొరలు పొరలుగా రాలి, ఒకనాడు చెప్పాపెట్టకుండా తెగి ఊరుకునేవి. అలాంటి ఊళ్ళో నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసిన ఆడపిల్లని. అదెంత ప్రమాదమో అప్పట్లో నాకు తెలియదు. మిక్సీ తిరక్కపోయినా, కుట్టుమిషను దారం తెంపినా, చేతిపంపు నీళ్ళు రాకపోయినా వీధివీధంతా నాకోసమే కబురు పెట్టేది. నేను చదివిందల్లా కాగితం మీద గీతలు గీయడం. (బాగానే గీసేదాన్ని. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు.) గుడివాడ దగ్గర ఒక కాలేజీలో పిల్లలకి డ్రాయింగు నేర్పే ఉద్యోగం అప్పుడే వచ్చింది. బందరులో మా మేనమామగారింట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని.

మావయ్య హోమియో డాక్టరు. ఆయనకి ప్రాణమైనవి రెండు: తెల్లటి పంచదార మాత్రలు, వంకాయ రంగు మోరిస్ కారు. ఆ కారు వయసులో నాకంటే పెద్దది. అత్తయ్యకి ఈ రెండింటి మీదా పెద్దగా నమ్మకం లేదు. జలుబు చేస్తే మిరియాల కషాయం తాగేది; కారు ఎక్కితే వెనక సీట్లో, సరిగ్గా మావయ్య వెనకాల, కాళ్ళు రెండూ పైకి మడుచుకుని కూర్చునేది. ముందు సీటు ఖాళీగా ఉన్నా అంతే. మావయ్య కొత్తలో ఒకటి రెండుసార్లు పిలిచి, ఆ తరవాత మానేశారట. ఆవిడకి తన పక్కన కూర్చోవడం ఇష్టం లేదని ఆయన అనుకున్నారు. ఆయన ఎందుకు పిలవడం మానేశారో ఆవిడకి అర్థం కాలేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తకుండా ఇరవై ఏళ్ళ పైచిలుకు కాపురం చేశారు.

ఒక ఆదివారం గుడివాడలో పెళ్ళి చూసుకుని ముగ్గురం తిరిగి వస్తున్నాం. పెడన దాటాక అత్తయ్య వెనక నుంచి, “ఏవండీ, నా చెప్పు పోయింది” అంది.

“ఎక్కడికి పోతుందే? కారులోనే ఉంటుంది.”

“లేదండీ. కింద రోడ్డు కనపడుతోంది.”

“ఏ కారు కిందయినా రోడ్డే ఉంటుంది” అన్నారు మావయ్య, ఎంతో ఓర్పుగా.

ఆవిడ పక్కనే కూర్చున్న నేను వంగి చూశాను. కాళ్ళ కింద పరిచిన పీచు పట్టా ఒక మూల చినిగి వేలాడుతోంది. దాని పక్కన జానెడు కన్నంలోంచి రోడ్డు మా కంటే వేగంగా పరిగెడుతోంది. మావయ్య కారు ఆపి ఆ కన్నంలోకి చాలాసేపు చూశారు. చెప్పు దొరకలేదు. అత్తయ్య మిగిలిన ఒంటి చెప్పు వేసుకోవాలో వదిలేయాలో తేల్చుకోలేక, దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఇంటికొచ్చింది.

ఇంటికి రాగానే తీర్పు చెప్పేసింది. అవనిగడ్డలో ఆవిడ చెల్లెలి గృహప్రవేశం పది రోజుల్లో ఉంది. “నేను బస్సులో వెళ్తాను. లేదంటే మరిది గారు కారు పంపిస్తామన్నారు, కొత్తది కొన్నారుగా, అందులో వెళ్తాను. మీ కారులో మాత్రం ఎక్కను. ఇవాళ చెప్పు పోయింది, రేపు నేనే పోతాను.”

తోడల్లుడి కొత్త కారు మాట వినగానే మావయ్య మొహం మాడిపోయింది. భార్య వేరేవాళ్ళ కారులో దిగితే అవనిగడ్డలో తల ఎత్తుకోవడం ఎలా? ఆ పూట పేషెంట్లని కూడా సరిగ్గా చూడలేదు. సాయంత్రం కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రోగిని పరీక్షించినట్టే పరీక్షించారు. “వానాకాలంలో ఎక్కువవుతుంది. ఎండకి తగ్గదు. పైకి కనపడదు, లోపల్లోపల తినేస్తుంది” అని గొణిగి, నా వైపు తిరిగి, “అమ్మాయ్, నువ్వు మెకానికల్ కదా! దీనికి ఏం చెయ్యాలే?” అన్నారు.

“అడుగు రేకు మొత్తం కోసేసి కొత్తది వెయ్యాలి మావయ్యా” అన్నాను. ఎలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. అంత ధీమాగా నేను అంతకు ముందెప్పుడూ ఏ మాటా అనలేదు.

మర్నాడే లంగరు మేస్త్రి వచ్చాడు. గిలకలదిండి వైపు పడవల ఇంజన్లకి ఇనప దిమ్మలు అతికే వెల్డరు. ఆయన ఒకసారి అతికించింది మళ్ళీ కదలదని ఆ పేరు వచ్చింది. (సరైన చోట అతికినా సరే, కాని చోట అతికినా సరే, కదలదు.) కారు పని ఎప్పుడూ చెయ్యలేదు. అయినా బెదరలేదు. “పడవకైనా అడుగే కదండీ ముఖ్యం. పడవలోకి నీళ్ళు రాకూడదు, కారులోంచి మనుషులు పోకూడదు. అంతేగా” అన్నాడు. పీచు పట్టా లేపి చూస్తే దాని కింద వరి మొలకలున్నాయి. ఎప్పుడో మొవ్వ నుంచి విత్తనాల బస్తా తెచ్చినప్పుడు రాలిన గింజలు, తడికి పచ్చగా లేచాయి. మేస్త్రి ఉలితో ఒక్క పోటు పొడిస్తే ఉలి కారు దాటి నేలలో దిగింది. “డాక్టరు గారండీ, ఇందులో రేకెక్కడుందండీ? తుప్పే రేకులాగా నటిస్తా ఉంది” అన్నాడు.

ముందు నుంచి వెనక దాకా ఒక్కో వైపుకీ ఒక్కో రేకు, మొత్తం రెండు కావాలి. అంచులు పైకి మడిచి, పళ్ళెంలా చెయ్యాలి. ఎడమ రేకు వంపులు ఎడమ వైపుకే సరిపోతాయి, కుడివి కుడికే. ఇంతవరకూ నాకు స్పష్టంగానే ఉంది. కొలతలు తీసుకోవడానికి కారు కిందకి వెల్లకిలా దూరాను చూడండి, అక్కణ్ణుంచి గందరగోళం మొదలైంది. పైనుంచి మావయ్య ఎడమ అంటే నాకు అది కుడి. కారు ముందర నిలబడి టార్చి పట్టుకున్న మేస్త్రికి నా కుడి ఇంకేదో. “కూర్చున్నోళ్ళ ఎడమా అండీ, ఎదురొచ్చేవాళ్ళ ఎడమా?” అని మేస్త్రి. “పడుకున్నవాళ్ళ ఎడమ” అని నేను. దానికి తోడు నేను కాలేజీలో నేర్పే పద్ధతిలో బొమ్మ గీశాను. ఆ పద్ధతిలో ఎడమ నుంచి చూసినదాన్ని కాగితం మీద కుడి పక్కన గీయాలి. ఎందుకని మేస్త్రి అడిగాడు. నాకు తెలిసిన కారణమంతా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి నాకే అనుమానం వచ్చింది.

మావయ్య విసిగిపోయి తేలిక దారి కనిపెట్టారు. “ఎడమా వద్దు, కుడీ వద్దు. నా వైపు, మీ అత్తయ్య వైపు. అంతే!” అన్నారు. అందరికీ ఊపిరి ఆడింది. నేను కుడి వైపు రేకు ఒక్కటీ అచ్చు గీసి, ‘ఇది మావయ్య వైపు, రెండోది అత్తయ్య వైపు’ అని కింద రాసి ఇచ్చాను. నడిపేవాడి పక్క సీటు భార్యది కాక ఇంకెవరిదని మావయ్య ఉద్దేశం. నాదీ అదే. మేస్త్రి మాత్రం జాగ్రత్త మనిషి. వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి, “అమ్మగారండీ, కారులో తవరి వైపు ఏదండీ?” అని అడిగి, రూఢి చేసుకుని మరీ వెళ్ళాడు. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది.

రేకులు తయారయ్యేలోపు పాత అడుగు రెండు వైపులా కోసేశాం. ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు ముట్టుకోవాలనీ, తలుపుల మధ్య ఇనప రాడ్లు అడ్డం పెట్టి మరీ కొయ్యాలనీ నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. అడుగు పోయాక కారు నడుం జారిన మనిషిలా కాస్త కుంగింది. మావయ్య ఆ చట్రం మధ్యలో నేల మీద నిలబడి, స్టీరింగు పట్టుకుని, “ఏమే, చూడు, హాయిగా ఉంది!” అని అత్తయ్యని కేకేశారు. కారుని లుంగీలా చుట్టుకున్నట్టున్నారు. వాకిట్లోకొచ్చిన అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయింది. నవ్విందో, ఏడ్చిందో మావయ్యకి అర్థం కాక నన్నడిగారు. నాకూ తెలియలేదు.

గృహప్రవేశం రేపనగా మేస్త్రి రేకులు తెచ్చాడు. కుడివైపుది దిట్టంగా కూర్చుంది. రెండోది ఎడమ వైపు పెడితే ఎటు తిప్పినా పట్టదు. పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ ఒకటే. రెండూ కుడివే.

“ఇదేంటయ్యా!” అన్నారు మావయ్య.

“డాక్టరు గారి వైపూ అదే, అమ్మగారి వైపూ అదేనండి. అమ్మగారే చెప్పారు, ఆయన వెనకే నా వైపు అని. మొగుడూ పెళ్ళాం ఒక పక్కనే కదా ఉంటారని నేనూ సరే అనుకున్నాను.”

మావయ్య వంటింటి వైపు చూశారు, కారు వైపు చూశారు, విప్పి గోడకి ఆనించిన ముందు సీటు వైపు చూశారు. ఆ మందం రేకు గుడివాడలో తప్ప దొరకదు, వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. చివరికి మేస్త్రే ఆ రేకుని పళ్ళెం బోర్లించినట్టు బోర్లించాడు. అప్పుడు వంపులు ఎడమ వైపుకి అచ్చంగా సరిపోయాయి. కాకపోతే పైకి ఉండాల్సిన అంచులు కిందకి వచ్చాయి, అందుకని ఆ వైపు నేల నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. “పరవాలేదా అమ్మాయ్?” అన్నారు మావయ్య. నేను పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, “పరవాలేదు మావయ్యా” అన్నాను. మేస్త్రి అతికేశాడు. కుంగిన కారు కుంగినట్టే అతుక్కుపోయింది.

పొద్దున్నే చూస్తే మూడు తలుపులు తెరుచుకోవు. ముందు ఎడమ తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది. అందులోంచి మావయ్య పట్టు పంచె సర్దుకుంటూ జరిగి జరిగి స్టీరింగు ముందుకి చేరారు. నేను సీటు మీద నుంచి వెనక్కి దూకాను. అత్తయ్య పట్టుచీరతో, కొత్త చెప్పులతో, ఇత్తడి బిందెతో వాకిట్లో నిలబడింది. బస్సు వేళ దాటిపోతోంది. మావయ్య పిలవలేదు. అద్దం తుడుస్తున్నట్టు నటించారు. అత్తయ్య బిందె నా చేతికిచ్చి, ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది.

చల్లపల్లి వచ్చింది. ఊరు దాటుతుండగా అత్తయ్య మెల్లిగా, “కాళ్ళు ఆనుతున్నాయి” అంది.

“ఏమిటీ?”

“ఈ సీట్లో నా కాళ్ళు ఎప్పుడూ నేలకి ఆనేవి కాదు. గాల్లో వేలాడి మోకాళ్ళు లాగేవి. మడుచుకుందామంటే గేరు కడ్డీ అడ్డం. ఇప్పుడు ఆనుతున్నాయి.”

“ఆ మాట చెప్పొచ్చుగా!”

“మీరు అడిగారా?”

మావయ్య గేరు మార్చబోయి తప్పు గేరు వేశారు. కారు పెద్దగా మూలిగింది. అవనిగడ్డ చేరేదాకా ఆయన మొహంలో కోపమా సంతోషమా ఏదీ తేలలేదు. కొత్త కారు తోడల్లుడు ఎదురొచ్చి, ఆ ఎత్తుగా లేచిన నేల చూసి, “ఇదేంటి అన్నయ్యా?” అంటే, “మా ఆవిడ కోసం ప్రత్యేకంగా చేయించాను” అన్నారు మావయ్య. నిజం అంత సులువుగా అబద్ధంలోకీ, అబద్ధం నిజంలోకీ దూరడం నేను చూడడం అదే మొదటిసారి. తరవాతి వారం మేస్త్రి వచ్చి తలుపులు సరిచేసి, రేకు కూడా తీసి మళ్ళీ వేస్తానన్నాడు. “తలుపులు చాలు” అంది అత్తయ్య. నాలుగు తలుపులూ తెరుచుకున్నాక కూడా ముందే కూర్చుంది.

అదంతా నా ఇంజనీరింగు గొప్పతనమని ఆ వయసులో నేను మనస్ఫూర్తిగా నమ్మాను. కాలేజీలో పిల్లలకి ఆ రేకు బొమ్మ బోర్డు మీద గీసి, ‘వాడేవారి సౌకర్యాన్ని బట్టి డిజైను చెయ్యాలి’ అని పాఠం కూడా చెప్పాను. ఆ బోర్డు ముందు సుద్దముక్కతో గర్వంగా నిలబడ్డ పిల్ల ఇప్పుడు కనిపిస్తే జాలి వెయ్యదు, ముద్దొస్తుంది. నాకిప్పుడు అప్పటి అత్తయ్య వయసు. మా ఆయన కారు నడుపుతుంటే కాళ్ళ దగ్గర ఏసీ చల్లగాలి తగిలి నా పాదాలు కొంకర్లు పోతాయి. ఆ సంగతి ఆయనకి ఇంతవరకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆయన అడగలేదు కదా అనుకుంటాను, నాలో నేనే నవ్వుకుంటాను, చీర కుచ్చిళ్ళు పాదాల మీదకి లాక్కుంటాను.