పండుకుంటే పెరిగిన నొప్పి

నాకప్పుడు ఇరవై రెండో ఏడు. సిరిసిల్లలో మా ఇంట్లో, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంట మగ్గాలు రెండుండేవి, ఒకటి బాపుది, ఒకటి నాది. ఒక చలికాలం పొద్దున మగ్గం గుంటలోకి దిగబోతే నడుము వంగలేదు. వెన్నుకు కట్టె పెట్టి బిగించి కట్టినట్టుంది.

"గుంట చెమ్మ ఎక్కింది బిడ్డా, జర పండుకో" అన్నది అవ్వ, అంటే మా అమ్మ. పండుకున్నాను.

ఊళ్లో డాక్టరు నడుము నొక్కి చూసి, "నరం పట్టింది. కంప్లీట్ బెడ్ రెస్ట్" అన్నాడు. ఆస్పిరిన్ ఇచ్చాడు. నేతవాళ్ల ఇళ్లలో ఏ నొప్పి వచ్చినా గుంటే కారణం, గుంట దిగకపోవడమే మందు. అందుకని ఆయన మాట మా ఇంట్లో అందరికీ నచ్చింది.

తొలిజాము నిద్ర బాగానే పట్టేది. తెల్లవారుజాముకు పిరుదుల లోపలినుంచి నొప్పి లేచి నన్ను లేపేది. పక్కకు ఒత్తిగిలాలన్నా మంచంపట్టె పట్టుకోవాలి. నిద్రపోతే నొప్పి. నిద్ర ఆపుకుంటే మర్నాడు ఆ నొప్పే రెండింతలు. పొద్దుగూకుతుంటే భయం వేసేది. బాపు మగ్గం ఆడుతుండేది, పక్కన నాది ఊరికే ఉండేది. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు నాకు. ఆ నెలల్లో చాలా పేజీల్లో "నిన్నటిలాగే" అన్న ఒక్క మాటే ఉంది.

ఒకనాడు బాపు మంచం దగ్గరికి వచ్చాడు. "నీ మగ్గం మీద మీ మేనత్త కొడుకు రాజన్నను కూసోబెడ్త. ఎన్నొద్దులు ఖాళీగ ఉంచుత?"

"నేను లేస్త బాపూ" అన్నాను. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు.

మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెట్టడం మాకు వీధిలో జరిగే పని. పొద్దున్నే పడుగును వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, ఆరేలోపు ఇద్దరు చెరో పక్క కుంచె లాగుతూ నడవాలి. ఆపితే పోగులు అంటుకుపోతాయి. ఒకరోజు గంజి పట్టించాక చూస్తే, బాపుకు జతగా కుంచె లాగడానికి రావలసిన రాజన్న రాలేదు.

నా భార్య లక్ష్మి లోపలికి వచ్చి, "పడుగు కరాబైతది, లేస్తవా?" అన్నది.

"పానం బాగలేనోన్ని లేపుతవా?" అన్నది అవ్వ.

"పండుకొని ఏం బాగుపడ్డడత్తా?"

లేచి వీధిలోకి వెళ్లి, బాపుకు ఎదురుపక్కన కుంచె పట్టుకున్నాను. మొదటిసారి ఆ కొసకు పోయేసరికి పళ్లు బిగబట్టాను. తిరిగి వస్తుంటే నడుములో ఏదో వదులైంది. పడుగు ఆరేసరికి నొప్పి సంగతే మరిచిపోయాను.

బాపు అవతలి పక్కనుంచి కుంచె ఆపకుండానే, "ఇన్నొద్దులు నాటకమాడినవారా?" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. ఆ రాత్రి నొప్పి మళ్లీ వచ్చింది.

అప్పుడు లక్ష్మి పట్టుబట్టి నన్ను కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. "నడుం నొప్పి సార్" అన్నాను అక్కడి డాక్టరుతో.

"పండుకుంటే తగ్గుతదా, తిరిగితే తగ్గుతదా?"

"తిరిగితే."

"మరి పండుకొమ్మని ఎవరు చెప్పిండ్రు?"

"డాక్టరే సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టి చూపించాడు. "స్పాండిలైటిస్, వెన్నుకీళ్ల వాపు. పడుచోళ్లకే మొదలైతది. కదలకుంటే బిగుస్తది. మొత్తం పోదు, మనమే దాన్ని కాసుకోవాలె." రాత్రికి మాత్ర, పడుకోవడానికి చదునైన బల్ల, రెండుపూటలా ఎక్సర్‌సైజ్ అన్నాడు. "గుంటల వంగి కూసునుడు బందు."

కొన్నాళ్లకు తెల్లవారేదాకా నిద్ర పట్టసాగింది. ఆ ధైర్యంతో ఒకరోజంతా మగ్గం మీద కూర్చున్నాను. సాయంత్రం రాజన్న నా చంకల కింద చేతులు వేసి నన్ను గుంటలోంచి ఎత్తాడు. మళ్లీ మంచం, మళ్లీ ఆ తెల్లవారుజాములు. లేచి నడవగలిగిన రోజు నేనే రాజన్నను పిలిచి నా మగ్గం మీద కూర్చోమన్నాను. తర్వాత నేత సొసైటీలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు నా మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషినంతా తిప్పాలి. "తలుపు తిరిగినట్టు తిరుగుతడు" అంటుంది లక్ష్మి. తెల్లవారుజామున నొప్పి లేపితే మంచంలో దానితో పోట్లాడను. లేచి, ఒకప్పుడు పడుగు చాచిన ఆ వీధిలోనే ఆ కొసకూ ఈ కొసకూ నడిచి, వచ్చి మళ్లీ పండుకుంటాను. నిద్ర పడుతుంది.

పడుచువాళ్లెవరికైనా ఇలాంటి నడుము నొప్పి ఉంటే, డాక్టరుకు ఎక్కడ నొప్పో చెప్పి ఊరుకోకండి. అది నిద్రలో లేపుతుందా, నడిస్తే వదులుతుందా, అదీ చెప్పండి. అడిగేదాకా నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తెలియలేదు.