మా డ్రిల్లు మాస్టారి నూట ఎనభై వాట్లు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్న కె. కోటపాడు రోడ్డులో సైకిలు దిగి, దాన్ని చెరుకు చేను గట్టుకి ఆనించి, పక్కనే పడుకున్నారట. చూసినవాళ్ళు అలిసిపోయారనుకున్నారు. ఫోను వచ్చినప్పుడు నేను అచ్యుతాపురంలో, మా కంపెనీ ల్యాబ్‌లో ఉన్నాను. ఎలా జరిగిందని అడగలేదు. మూడు నెలలుగా ఆ ఫోను వస్తుందనే భయపడుతున్నాను.

తొమ్మిదో తరగతిలో నాకు ఈత నేర్పింది ఆయనే. నా నడుముకి తాడు కట్టి శారదా నదిలోకి దింపి, రెండో కొస పట్టుకుని గట్టంట నడిచేవారు. ఆడపిల్లకి ఈతెందుకని మా నాన్న అడిగితే, మునిగిపోకుండా ఉండడానికండీ అన్నారట. ఒకరోజు తాడు వదిలేసి కూడా పట్టుకున్నట్టే నడిచారు. ఒడ్డుకొచ్చాక గానీ నాకు తెలియలేదు.

రిటైరయ్యాక ఆయన మనసు ట్రయాథ్లాన్ మీద పడింది. ఈత, సైకిలు, పరుగు, మూడూ వెంటవెంటనే. అరవై దాటినవాళ్ళ విభాగంలో జాతీయ పోటీకి వెళ్ళాలంటే ముందు అర్హత రేసులో మొదటి ముగ్గురిలో ఉండాలి. పాత ఫలితాలు ముందేసుకుని ఇద్దరం లెక్క కట్టాం. నలభై కిలోమీటర్లూ నూట ఎనభై వాట్లకి తగ్గకుండా తొక్కాలి. దిగిన వెంటనే పది కిలోమీటర్లు, ఒక్కోటీ ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి. తొక్కే బలాన్ని వాట్లలో చూపించే మీటరు పెడలుకి పెట్టించుకున్నారు. ఆదివారాలు నేనూ ఆయనతో తొక్కేదాన్ని. ఎత్తు రోడ్డులో ఎగబడి ముందుకుపోతే వెనకనుంచి నెమ్మదిగా అనేవారు: "సైకిలు మీద దాసుకోనోడు పరుగులో అడుక్కుంటాడమ్మా."

ప్రతి ఆదివారం ఆయన అంకెలు నేనే చూసేదాన్ని. మొదట్లో నూట ఎనభై వాట్ల దగ్గర గుండె నిమిషానికి నూట ముప్పై ఐదుసార్లు కొట్టుకునేది. నెల తిరిగేసరికి అవే వాట్లకి నూట యాభై. సాధన చేసేకొద్దీ తగ్గాల్సింది పెరుగుతోంది. ఆ తరవాతి ఆదివారం గుండె లెక్క చూపే ఛాతీ బెల్టు లేకుండా వచ్చారు. బ్యాటరీ అయిపోయిందన్నారు. ఆ బ్యాటరీ ముందువారమే నేను మార్చాను.

డాక్టరుకి చూపించమన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పారు:

"సూపిత్తే ఆపీమంటాడు. రేసయ్యేక ఎల్దాం. ఇంట్లో సెప్పకమ్మా."

సరేనన్నాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

రేసులో మూడో స్థానం వచ్చింది. చివరి కిలోమీటరు కంచె ఇవతల నేనూ పక్కనే పరిగెత్తాను. ఆయన పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. గీత దాటి కూలబడి, వచ్చింది కదా అన్నారు. నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, కాళ్ళ నొప్పులు తగ్గనీ అన్నారు. రెండు వారాలు గడిచాయి. నేను మళ్ళీ అడగలేదు. ఆ మంగళవారం వచ్చింది.

కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య దగ్గర కూర్చుని, నాకు ముందే తెలుసని చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకూ తెలుసమ్మా," అన్నారు. "మేడ మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయీవోరు. నానేటి అడుగుతానోనని అక్కడ కుండీలో మొక్కని సూత్తున్నట్టు నిలబడీవోరు. పొద్దున్నే సైకిలు తీసినప్పుడు ఆరి మొగంలో సంబరం సూసి నానూ అడగనేదు."

వెళ్ళేటప్పుడు ఆ మెట్ల దగ్గర ఆగాను. కుండీలో ఎండిన మట్టి తప్ప ఏమీ లేదు. పక్కన తెల్ల గోడ మీద, భుజమెత్తున, చెయ్యి ఆనించి ఆనించి నల్లబడిన మచ్చ ఉంది.