బొమ్మలో లేని కంచం

పొద్దున ఫోను టింగుమంది. నేను చూపించుకునే హాస్పిటల్ వాళ్ళ కొత్త యాప్. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, పక్కన ఒక బిళ్ళ, ‘మీ ఉదయపు మందు వేసుకున్నారా?’ అని ప్రశ్న. బీపీ బిళ్ళ గుర్తుచేయడానికట! ఆ బొమ్మ చూడగానే నా బీపీ కాస్తా పెరిగింది.

మా పిన్ని గుర్తొచ్చింది. రెండువేల దశకం మొదట్లో నేను కువైట్‌లో నర్సుని. భీమవరం నుంచి వచ్చిన పిన్ని అక్కడే ముబారక్ అల్ కబీర్ అనే ప్రాంతంలో ఒకరింట్లో వంట చేసేది. ఆవిడ ఏం వండినా వాసనకే ఆకలేసేది. ఒకసారి నీరసంగా ఉందంటే ఆ ఇంటి డ్రైవరు దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. షుగరన్నారు. కిటికీలోంచి మందులూ, నున్నటి రంగుల కాగితమూ తోశారు, నోటిమాట లేదు. చదువురాని వాళ్ళ కోసం వేయించిన కాగితమట. సూర్యుడి కింద ఒక బిళ్ళ, చంద్రుడి కింద ఒక బిళ్ళ. అన్నం కంచం మాత్రం ఎక్కడా లేదు. చోటెక్కడిది పాపం, సగం కాగితం క్లినిక్ భవనం ఫొటోకే సరిపోయింది!

అంతలో రంజాన్ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఉపవాసం. ‘నువ్వు తిను’ అని మామా, అంటే ఆ ఇంటావిడ, చెప్పిందట కూడా. పిన్ని వింటేనా! పొద్దున్నే ఖాళీ కడుపుతో బిళ్ళ మింగి, సాయంత్రానికి సమోసాలు చుడుతూ, షుగర్ పడిపోయి వంటింట్లోనే కుప్పకూలింది.

“ఇల్లంతా నోరు కట్టుకుంటే నేనెలా తింటానే? సూరీడొచ్చాడు, బిళ్ళేసుకున్నాను,” అంది కళ్ళు తెరిచాక.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాను. మేనేజరు మన హైదరాబాదాయనే.

“బొమ్మ క్లియర్‌గనే ఉంది కద సిస్టర్. ఆమెకే సమజ్ కాలే.”

“కాకపోవడమేంటండీ! మీరు వేసింది వేసినట్టే చేసింది. ప్రాణం మీదికొచ్చింది!”

“సరే, ఉన్న స్టాక్ ఖలాస్ కానీయుండ్రి. కొత్తది కొట్టిస్తం.”

మనిషి పడిపోతే స్టాకు గురించి మాట్లాడతాడా! నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. పిన్నికి అన్నీ విడమరిచి చెప్పాను కూడా. తలూపింది. కానీ ఆ బిళ్ళంటేనే భయం పట్టుకుంది ఆవిడకి. అడిగినప్పుడల్లా ‘ఏసుకుంటున్నానే’ అంటూ, నాకు తెలియకుండా మానేసింది. చివరికి కాలి మీద చిన్న పుండు లేచి, ఎంతకీ మానక, పాదం తీసేసేదాకా వచ్చాక గానీ ఆ సంగతి బయటపడలేదు.

ఆ స్టాకు అయిపోయి కొత్త కాగితం అచ్చయ్యేసరికి ఏళ్ళు పట్టింది. పిన్ని పాదానికి అంత వ్యవధి లేకపోయింది.